టిఫిన్ డబ్బాకు కాపలా, ఫ్యాక్టరీకి తాళం

హైదరాబాద్ పోయిన ఇందూరు వాళ్లకు చుట్టాలు చార్మినార్ చూపిస్తారు, సాలార్‌జంగ్‌లో గంట కొట్టే గడియారం చూపిస్తారు, బిర్యానీ తినిపించి బస్సెక్కిస్తారు. పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియం జోలికి మాత్రం పోరు. మనవాళ్లే ముందు చూడాల్సింది అది. మన ఇందూరును నిజామాబాద్ చేసిన వంశం ఇంట్లో ఏముందో మనకు తెలియకపోతే ఎలా?

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనకు పాతికేళ్లు నిండినందుకు 1937లో రజతోత్సవం చేశారు. అప్పుడు వచ్చిన కానుకలే ఈ మ్యూజియంలో ఎక్కువ. భవనాల వెండి నమూనాలు, అత్తరు పెట్టెలు, ప్రశంసా పత్రాలు. ఏది ఎవరిచ్చారో రాసి ఉంటుంది. ఇచ్చినవాళ్లు ఏ రైతు దగ్గర వసూలు చేసి ఇచ్చారో రాయడానికి చీటీలో చోటు చాల్లేదు పాపం. ఉత్సవం నాటి సింహాసనమూ ఉంది. లోపల చెక్క, పైన బంగారు పూత. మన నాయకులు హామీలివ్వడం ఎక్కడ నేర్చుకున్నారో దాన్ని చూస్తే తెలుస్తుంది.

అన్నిటికంటే పేరు మోసింది బంగారు టిఫిన్ డబ్బా. వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగారు. పొదుపరి నిజాం అందులో ఒక్కపూటైనా తిన్నాడని ఎవరూ చెప్పరు. 2018 సెప్టెంబరులో ఇద్దరు దొంగలు వెంటిలేటర్‌లోంచి తాడుతో దిగి దాన్ని ఎత్తుకుపోయారు. ముంబైలో పెద్ద హోటల్లో దిగారు. వాళ్లలో ఒకడు రోజూ ఆ డబ్బాలోనే తిన్నాడని పోలీసులు చెప్పారు. ఎనభై ఏళ్లకు ఆ డబ్బాకు పని దొరికిందన్నమాట! ప్రత్యేక బృందాలు పరుగులు పెట్టి పది రోజుల్లోపే పట్టుకొచ్చాయి. సర్కారు తలుచుకుంటే పోయిన వస్తువు దొరకదా?

అసలు నగలు ఇక్కడ లేవు. 173 నగలను 1995లో కేంద్రం 218 కోట్లకు కొని రిజర్వు బ్యాంకులో దాచింది. అందులో జాకబ్ వజ్రం 184.75 క్యారెట్లు. తండ్రి బూటులో దొరికిన ఆ వజ్రాన్ని ఏడో నిజాం కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నాడంటారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఫైలు ఇన్నేళ్లుగా అంగుళం కదలకపోవడం చూస్తే, ఆ వజ్రం రిజర్వు బ్యాంకులో ఉందన్న మాట మీద నాకు అనుమానం.

ఆ ఫైలు కథ ఇదీ. రజతోత్సవం జరిగిన 1937లోనే నిజాం కట్టించింది ఒకటుంది. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. మంజీరా మీద నిజాంసాగర్ అప్పటికే నిండుతోంది, కాలువ కింద చెరుకు పెరుగుతోంది. పొలాల నుంచి చెరుకు మోయడానికి సొంత చిన్న రైలు, పనివాళ్లకు క్వార్టర్లు. ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నాం. 2002లో 51 శాతం ప్రైవేటుకిచ్చి 49 శాతం సర్కారు ఉంచుకుంది. 2015 డిసెంబరు 23న లే ఆఫ్ నోటీసు అంటించారు. బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి కూడా మూతబడ్డాయి. చెరుకు మళ్లు వరి మళ్లయ్యాయి.

రాజుగారు తినని డబ్బాకు అద్దాల పెట్టె, కాపలా. జనానికి తిండి పెట్టిన ఫ్యాక్టరీకి తుప్పు. అందుకని సర్కారుకు నాదొక మనవి: శక్కర్‌నగర్‌నే మ్యూజియం చేయండి. వస్తువులకు కొదవ లేదు. ఫ్యాక్టరీ తెరిపిస్తామన్న 2014 ఎన్నికల హామీ, 2023 ఎన్నికల హామీ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. 2024 జనవరిలో వేసిన కమిటీకి కుర్చీలతో సహా ఒక గది కేటాయించవచ్చు. పసుపు బోర్డు తెస్తానని 2019 ఎన్నికల్లో మన ఎంపీ అభ్యర్థి స్టాంపు పేపరు మీద రాసిచ్చిన బాండ్‌ను కూడా పెట్టాలి. బోర్డు 2025 సంక్రాంతికి వచ్చింది కనుక అది చాలా అరుదైన వస్తువు, దానికి కాపలా పెంచాలి. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల అలమరా హాలు పొడవునా ఉంటుందని గొప్ప చెబుతారు. ఆ 2019లో మన లోక్‌సభ నియోజకవర్గంలో 185 మంది పోటీ చేస్తే పోలింగ్ బూత్‌కు పన్నెండు ఓటింగ్ యంత్రాలు వరసగా పేర్చారు. అవి పెడితే అలమరా చిన్నబోతుంది.

నిజాం కాలమే నయమనే పెద్దలకు చిన్న గుర్తు. నిజాంను ఎదిరించి ఇందూరు ఖిల్లా జైల్లో పడ్డ కవి దాశరథి పళ్లు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశాడు. అవి కూడా ఆ వంశం మిగిల్చిన ఆస్తే. దానికీ ఒక అద్దాల పెట్టె ఉండాలి.

ఈ మ్యూజియం ఆలోచన ఎడపల్లి దగ్గర ఒక చెరుకు రైతుకు చెప్పాను. ఒకప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల వరసలో రాత్రంతా కాచుకున్న మనిషి. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. “పెడితే పెట్టుండ్రిగని సారూ, గేటుకాడ వాచ్‌మెన్ కొలువన్న మా పోరనికి ఇప్పియ్యుండ్రి” అన్నాడు.

చూడబోయే పాఠకులకు ఒక సూచన. పురానీ హవేలీ మ్యూజియానికి శుక్రవారం సెలవు. శక్కర్‌నగర్‌కు వారమంతా సెలవే.