నొక్కితే పడాలి

మా రోజుల్లో కీ అంటే ఇనప చెయ్యి. ఇవతల వేలితో కొడితే అవతల అక్షరం లేచి రిబ్బను మీద పడేది, కాగితం మీద అచ్చు దిగేది. నడుమ ఎవరి పెత్తనమూ లేదు. పడకపోతే ఎందుకు పడలేదో కంటికి కనిపించేది. కడ్డీ వంగిందో, స్ప్రింగు ఊడిందో, నలుసు ఇరుక్కుందో, అంతే కదా.

ఆదోనిలో ఆ నలుసు ఎప్పుడూ పత్తే. సీజన్ మొదలైందంటే మార్కెట్ యార్డు చుట్టుపక్కల గాలిలోనే దూది. మండీల్లో గుమాస్తాల బల్లల మీదుండే టైపు మిషన్లకు ఒళ్ళంతా తెల్లటి నూగు పట్టేది. అక్షరాల చేతులన్నీ వచ్చి చేరే అర్ధచంద్రాకారం గాడుల్లో ఆ నూగూ, మిషను నూనే కలిసి జిగురయ్యేవి. అక్షరం లేచి నడిమధ్యలో నిలబడిపోయేది. మిషన్లు బాగుచెయ్యడం నా పని. సంచి భుజానేసుకుని పోయి, బ్రష్షు కిరసనాయిల్లో ముంచి గాడి గాడీ తోమితే మళ్ళీ టకటకా లేచేవి. మండీలయ్యాక కోర్టు దగ్గరి టైపిస్టులు, వాళ్ళయ్యాక దస్తావేజు లేఖరులు. సాయంత్రం బస్సెక్కితే ఎమ్మిగనూరు ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. ఇంటికొచ్చి రాత్రిపూట పిల్లలకు టైపు నేర్పేవాణ్ణి.

ఇప్పుడు మా మనవడు బెంగళూరు కంపెనీ ఉద్యోగం ఎమ్మిగనూరు ఇంట్లో కూర్చుని చేస్తాడు. వాడి కీబోర్డు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకటి కాదు, రెండు ముక్కలు, ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి. రెండూ కలిపి 42 కీలు. కీల మీద ఒక్క అక్షరమైనా రాసి లేదు. సరే, చూడకుండా కొట్టడం మేము నేర్పిందే, దానికి నేనేమీ అనను. "అంకెలేవిరా?" అంటే, "ఇంకో లేయర్లో ఉన్నాయి తాతా" అంటాడు. బొటనవేలితో ఒక కీ పట్టుకుంటే అక్షరాల కీలే అంకెల కీలవుతాయంట.

ఒక్కో ముక్కలో ఒక్కో చిప్పు. పేరు ఎన్‌ఆర్‌ఎఫ్52840, లోపల ఏఆర్‌ఎం కార్టెక్స్-ఎం4 ప్రాసెసరు, 64 మెగాహెర్ట్‌జ్ వేగం, 256 కిలోబైట్ల ర్యామ్, ఒక మెగాబైటు ఫ్లాష్. 1981లో ఐబీఎం మొదటి పీసీ అమ్మినప్పుడు దాని వేగం 4.77 మెగాహెర్ట్‌జ్, ర్యామ్ కనీసం 16 కిలోబైట్లు. ఆ పీసీ మీద కంపెనీలు తమ లెక్కలు నడుపుకున్నాయి. దాన్ని తలదన్నే బుర్రలు రెండు, ఎందుకయ్యా అంటే, ఎవరో 'ఏ' నొక్కారని కబురు చెప్పడానికి!

అది చాలదని వాటి నెత్తిన రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. జెఫైర్ అని, 2016 నుంచి లైనక్స్ ఫౌండేషన్ నీడలో పెరుగుతున్నది. ఆ జెఫైర్ మీద జెడ్‌ఎంకే అనే కీబోర్డు ఫర్మ్‌వేరు, అంటే కీలను నడిపే ప్రోగ్రాము. వాడి స్నేహితుడిది ఇంకో మతం, క్యూఎంకే. అది ఏఆర్‌ఎం చిప్పుల మీద చిబిఓఎస్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌ను పట్టుకుని నడుస్తుంది. ఏది మేలో తేల్చుకోవడానికి ఇద్దరూ ఫోన్లో అర్ధరాత్రి దాకా కొట్లాడతారు. మా కాలంలో రెమింగ్టనా గోద్రెజా అని వాదించుకునేవాళ్ళం, నిజమే. కానీ మా వాదన టీ చల్లారేలోపు అయిపోయేది.

కీబోర్డుకు ఆపరేటింగ్ సిస్టమ్ ఏం ఖర్మరా అని ఒకసారి గట్టిగానే అడిగాను. వాడు చెప్పింది వినదగ్గ మాటే. రియల్ టైమ్ అంటే వేగం కాదంట, అనుకున్న వేళకు అనుకున్న పని జరిగి తీరడం. రెండు ముక్కలూ బ్లూటూత్‌లో మాట్లాడుకుంటాయి. ఏ క్షణాన లేచి పలకరించుకోవాలో ముందే ఒప్పందం చేసుకుని, నడుమ పడుకుంటాయి. ఆ క్షణం దాటితే మాట మళ్ళీ కలిసేదాకా ఆగిపోతుంది. కాబట్టి రేడియో పని వచ్చిందంటే మిగతావి పక్కకు తప్పుకోవాలి. ఏ కీ కిందికి దిగిందో అడ్డవరసలూ నిలువు వరసలూ వెతకడం ఒక పని, బ్యాటరీ చూసుకోవడం ఇంకొకటి, రంగు దీపాలు వెలిగించడం అన్నిటికన్నా ఆఖరు. ఎవరి వంతు ఎప్పుడో చూసేది ఆ జెఫైరు. ఏ పనీ లేకపోతే చిప్పును నిద్రపుచ్చుతుంది, అందుకే ఆ చిన్న బ్యాటరీ అన్ని రోజులు వస్తుంది. ఇంతవరకూ నాకు పేచీ లేదు. రంగు దీపాలెందుకన్నదే పేచీ.

అసలు కోపం ఇంకోచోట ఉంది. వాడి కీబోర్డులో ఒకే కీకి రెండు పనులు. గబుక్కున కొట్టి వదిలితే అక్షరం, పట్టుకుని ఉంచితే షిఫ్టు. ఏదో తేల్చుకోవడానికి ఫర్మ్‌వేరు మామూలుగా 200 మిల్లీసెకన్లు గడువు పెట్టుకుంటుంది. టైపు పరీక్ష లెక్కలో అయిదు దెబ్బలు ఒక మాట. లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. అంటే హయ్యర్ పిల్ల నిమిషానికి 225 దెబ్బలు కొట్టాలి, దెబ్బకూ దెబ్బకూ నడుమ 267 మిల్లీసెకన్లు. అందులో 200 ఈ మహానుభావుడు ఆలోచనకే తీసుకుంటే ఇక మిగిలిందేమిటి? మనవడు దాన్ని 180 చేస్తాడు, పొరపాటున షిఫ్టులు పడతాయి. 220 చేస్తాడు, నిదానమైందంటాడు. ఇట్లా వారాలు. ఆ వారాల్లో ఒక ఉత్తరమైనా కొట్టాడా అంటే, లేదు. కొట్టేదల్లా కీబోర్డు సరిచూసుకోవడానికి ఒకే ఇంగ్లీషు వాక్యం, మళ్ళీ మళ్ళీ.

మొన్న పత్తి రోజుల్లో ఒక కీకి రెండేసి అక్షరాలు పడటం మొదలైంది. స్విచ్చిలో రేకులు ఒకదానికొకటి తగిలినప్పుడు వెంటనే నిలవవు, కొన్ని మిల్లీసెకన్లు అదురుతాయి. ఆ అదురును నాలుగు నొక్కుళ్ళనుకోకుండా ఫర్మ్‌వేరు 5 మిల్లీసెకన్లు ఓపిక పడుతుంది. వీడు ఫైలు తెరిచి ఆ 5ను 10 చేశాడు. రోగం పోయిందన్నాడు. "దుమ్ము పోలేదు కదరా" అన్నాను. రేపు అది 15 అడుగుతుంది, ఎల్లుండి 20. స్విచ్చి పీకి చూస్తే లోపల సన్నటి నూగు, మన ఆదోని సరుకే. బ్రష్షుతో దులిపి మళ్ళీ కూర్చోబెట్టాను. అంకె వెనక్కి 5 చెయ్యమన్నాను, చేశాడు, అక్షరం ఒక్కటే పడింది. ఈ తరానికి చెయ్యి పెట్టాల్సిన చోట అంకె పెట్టడం అలవాటైంది. నేను దీన్ని ఒప్పుకోను.

అట్లని వాణ్ణి పూర్తిగా తిట్టలేను కూడా. నా మిషనుకూ వాడి కీబోర్డుకూ నడుమ ఇంకో కాలం గడిచింది. అది మరీ అన్యాయం. టైపు మిషన్లు మూలన పడ్డాక ఊరంతా కంప్యూటర్ సెంటర్లు వచ్చాయి. వాటి కీబోర్డుల్లో రబ్బరు పొర, కింద ప్లాస్టిక్ షీటు. ఒక్క కీ చచ్చిపోతే మొత్తం చెత్తబుట్టకే. నేను స్క్రూలు విప్పి చూస్తే బాగుచెయ్యడానికి అందులో ఏమీ ఉండేది కాదు. 1981 నాటి ఐబీఎం కీబోర్డులో కూడా ఇంటెల్ 8048 అనే చిన్న చిప్పు ఉండేదంట, అంటే బుర్ర అప్పటి నుంచే ఉంది. కానీ దాంట్లో ఏముందో కొన్నవాడు చూడగూడదు, మార్చగూడదు. గోద్రెజ్ వాళ్ళు 1955లో మొదలుపెట్టి 2009లో టైపు మిషన్ల తయారీ ఆపేశారు. ఆ తర్వాత విప్పితే అర్థమయ్యే కీబోర్డు నేను చూసింది మనవడి దగ్గరే.

మాది చేనేత ఊరు కాబట్టి వాడు మార్చి మార్చి రాసుకునే ఆ ఫైలేమిటో నాకు తొందరగానే అంతుబట్టింది. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ళ సొసైటీ నిలబెట్టిన చోట పెరిగినవాడికి జాకార్డు మగ్గం కొత్త కాదు. చిల్లుల అట్టల దండ మారిస్తే అదే మగ్గం, అదే నూలు, బుటా మాత్రం వేరే. వీడిదీ అట్టల దండే. కాకపోతే మా వాళ్ళ అట్టలు ఇంట్లోనే కొట్టేవారు. వీడు ఫైలు నెట్‌లో ఎక్కడో ఉన్న గిట్‌హబ్‌కు పంపిస్తే అక్కడి కంప్యూటరు దాన్ని చిప్పు భాషలోకి మార్చి వెనక్కి పంపుతుంది. బోర్డు మీది బటను రెండుసార్లు నొక్కితే కీబోర్డు పెన్‌డ్రైవులా ప్రత్యక్షమవుతుంది, ఆ ఫైలు అందులో వేస్తే కొత్త బుద్ధి పుడుతుంది. నెట్ పోయిన రోజున కొత్త బుద్ధీ లేదు.

ఇంత ఉండీ దానికి తెలుగు రాదు. ఈ మాట అన్నప్పుడు మనవడు నొచ్చుకున్నాడు. ఏ కీబోర్డుకూ ఏ భాషా రాదు తాతా, ఫలానా చోట కీ దిగిందని మాత్రమే అది కంప్యూటరుకు చెబుతుంది, అక్షరం చేసేది అవతలిదే అన్నాడు. నా తెలుగు మిషను మీద తెలుగు అక్షరం ఇనుములో పోతపోసి ఉండేది. కొన్ని కీలు కొడితే క్యారేజి కదలదు, వాటి మీద ఇంకో దెబ్బ వేస్తే గుర్తు అక్షరానికి అతుక్కునేది. చేతికి కష్టమే, కాదనను. కానీ కొట్టింది తెలుగే.

"సరే, మన ఊరి పేరు ఒక్క దెబ్బకు పడేట్టు చెయ్యరా చూద్దాం" అన్నాను. కంప్యూటర్లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరిక పెట్టుకుంటే 'ఆదోని'కి అయిదు నొక్కుళ్ళు చాలు. 'ఎమ్మిగనూరు'కు పది: ఎ, మ, పొల్లు, మ, గుడి, గ, న, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. మొదటి ఎ-కు షిఫ్టు కూడా. వాడు ఆ పదింటినీ వరసగా పంపే మాక్రో రాసి, రెండు కీలు కలిపి నొక్కితే పడేలా పెట్టాడు. ఒక్కో నొక్కుడుకు 30 మిల్లీసెకన్లు, నడుమ 15 చొప్పున తెరపి. అర సెకనులో ఊరు మొత్తం తెర మీద వాలింది. నిజం చెప్పొద్దూ, రెండోసారి నేనే నొక్కి చూసుకున్నాను.

ఆ సంబరంలో వాడు కీబోర్డు చంకన పెట్టుకుని నాతోపాటు జిరాక్స్ షాపుకు వచ్చాడు. నా పెన్షను కాగితం మీద చిరునామా వాడే కొడతాడంట. అక్కడి కంప్యూటరుకు తగిలించి, దర్జాగా రెండు కీలూ కలిపి నొక్కాడు. ఆ కంప్యూటర్లో ఇంగ్లీషు తప్ప ఇంకేమీ పెట్టి లేదు. ఊరు ఉండాల్సిన చోట జెడ్, సి, డి, సి, ఎఫ్, ఐ, వి, టి, జె, జి అని పది ఇంగ్లీషు అక్షరాలు చక్కగా వరసలో నిలబడ్డాయి.

"పాస్‌వర్డు అట్ల అందరికీ కనపడేట్టు కొట్టగూడదు సార్" అన్నాడు షాపు పిల్లోడు.