కట్టెల అడితి మామ

మామ ఇంట్లో ఇంజను లేదు. ఇంజనంటూ వస్తే కట్టెలు ఎక్కించుకోవడానికి అడితి, నీళ్ళు పట్టుకోవడానికి తొట్టి, బూడిద రాల్చడానికి గుంత, చక్రాలు జారకుండా పట్టాల మీద చల్లే ఇసుకకు ఒక కొట్టం మాత్రం డైనింగు టేబులు నిండా ఉన్నాయి. ఇంటిల్లిపాదీ నేలమీద కూర్చుని తింటారు. ఇంజనెప్పుడని అడిగితే, "ముందు ఏర్పాట్లు కానీప్పా" అంటాడు.

ఇలాంటి రిటైరైన పెద్దమనిషి ఊరికొకడు ఉంటాడు. ఒకరికి పంచాంగంలో గడియలు, ఇంకొకరికి శాసనాల్లో అక్షరాలు, మరొకరికి ఏడు తరాల ఇంటిపేర్లు. కడపలో మా మామకు 1871. మద్రాసు రైల్వే లైను ఆ ఏడే రాయచూరు చేరి, బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసింది. అప్పట్లో మనవైపు ఇంజన్లు తిన్నది ఎక్కువగా కట్టెలే. బొగ్గు సీమ నుంచి ఓడలో రావాలి, కట్టెలు మన కొండల్లో ఉన్నాయి. అయితే బరువుకు బరువు చూస్తే కట్టె ఇచ్చే వేడి బొగ్గు ముందు సగానికి అటూ ఇటూ. అందుకని బండి మాటిమాటికీ ఆగాలి, ఆగిన చోటల్లా అడితి ఉండాలి. అడవుల గతి ఏమవుతుందోనని మద్రాసు అటవీ శాఖ తొలి పెద్ద క్లెగ్‌హార్న్ 1861 నాటి పుస్తకంలోనే దిగులుపడ్డాడు. మామ ఈ క్లెగ్‌హార్న్‌ను తోడల్లుడి మాదిరి తలుచుకుంటాడు: "పాపం, చెప్తే ఎవరు విన్న్యారు!"

టేబులు మీద కొలతలన్నీ అసలులో 87వ వంతు. మూడడుగుల కట్టెకు పదిన్నర మిల్లీమీటర్లు. బజార్లో దొరికే బొమ్మపట్టాల మధ్య దూరం పదహారున్నర. మన బ్రాడ్‌గేజీకి పందొమ్మిది మీద చిల్లర కావాలి. ఆ చిల్లర కోసం మామ పట్టాలన్నీ పీకి చేత్తో మళ్ళీ వేశాడు. అమెరికా అల్లుడు కట్టెల షెడ్డు కిట్టొకటి పంపాడు, వాలు కప్పుతో ముచ్చటగా ఉంది. మామ తిప్పి తిప్పి చూసి, "కప్పు దేనికి? కడపలో వాన పడితేగదా, కట్టెలు తడిసేకి!" అని తిరిగి డబ్బాలో పెట్టాడు.

అసలు గొడవ పుల్లల దగ్గర. మామకు పుల్లలు కావాలని తెలిసి వీధి పిల్లలు సంచులకొద్దీ తెచ్చారు. భూతద్దం పెట్టి చూసి అన్నీ పారేశాడు. అది సర్కారు తుమ్మ. ఈ జిల్లాలో ఏ చేనిగట్టు చూసినా, ఏ ఎండిన చెరువు చూసినా అదే కంప. కానీ బెడ్డోమ్ అనే అటవీ అధికారి విత్తనాలు కావాలని రాసింది 1876లో. కమలాపురం వైపు నాటింది 1877లో. "పుట్టని చెట్టును ఎట్ల నరికినారప్పా?" అని పిల్లల్ని నిలదీశాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు. చండ్రపుల్లలు, ఏపిపుల్లలు ఏరుకుంటానని పాలకొండల వైపు పోతే, ఎర్రచందనం కాలంలో సంచీ పట్టుకుని గుట్టల్లో తిరిగే ముసలాయన్ని జనం ఎట్లా చూస్తారో ఎట్లా చెప్పేది! సంచీ విప్పి అగ్గిపుల్ల సైజు దుంగలు చూపించి బయటపడ్డాడు.

బూడిద గుంతకు నిజం బూడిదే కావాలి. ఇంట్లో గ్యాసు. సందు చివర బోండాలమ్మ పొయ్యి దగ్గరికి గిన్నె పట్టుకుని పోయాడు.

"ఇది ఏం కట్టె బూడిదమ్మా?"

"ఏముంది సామీ, కంప కట్టెలే."

గిన్నె బోర్లించి వచ్చేశాడు. బోండాలు కూడా కొనలేదు.

అత్తకు ఇదేదీ నచ్చదు. "ఈ వయసులో ఇంట్లో కట్టెలు పేర్చుకుంటాండావే, చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అంటుంది. "ఇవి పదిన్నర మిల్లీమీటర్లే" అని మామ ఓదారుస్తాడు.

మొన్న సెలవులకు బెంగళూరు మనవడు వచ్చాడు. తాతకు సాయం చేద్దామని, పెరటి కంచెలోంచి నాలుగు పుల్లలు విరిచి అడితిలో కలిపేశాడు. ఏ నాలుగో వాడికీ తెలియదు. మామ మొత్తం అడితి కూల్చి, భూతద్దంతో ఒక్కో పుల్లా వేరుచేస్తూ కూర్చున్నాడు. వాడికి జాలేసింది.

"తాతా, బోర్డు మీద 1871 మార్చేస్తే పోలా?"

మామ చెయ్యి ఆగింది. విత్తనం 1877. నరకడానికి తగ్గ మాను కావాలంటే ఏడెనిమిదేళ్ళు, అంటే 1885. ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వే హక్కులు ఒక కంపెనీ చేతికి వచ్చింది 1886. నడుమ ఒక్క ఏడు సందుంది!

"ఓసే, దొరికిందే!" అని అత్తను కేకేశాడు. పుల్లలన్నీ మళ్ళీ పేర్చాడు. అంతలోనే నీళ్ళ తొట్టి మీద కన్ను పడింది. కొత్త ఇనుములా మెరుస్తోంది. జేబులోంచి నోటు తీసి మనవడి చేతిలో పెట్టాడు.

"రంగులంగడికి పోయి తుప్పు రంగు తీసుకురా. యాదో ఒకటి ఇస్తే వద్దను. పద్నాలుగేళ్ళ తుప్పని గట్టిగా చెప్పు."