హారం లేని ఫ్లెక్సీ

నేను పుట్టింది 2025 ఏప్రిల్ 23న. ఆ రోజు పొద్దున పదో తరగతి ఫలితాలు వచ్చాయి. సాయంత్రానికల్లా నెల్లూరు ట్రంకు రోడ్డు వెనక సందులో ఓ ప్రింటింగు షాపువాళ్ళు నన్ను మిషనెక్కించారు. ఇరవై అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు. రంగుల కంపు పోకముందే అంచులు మడిచి, ఐలెట్లు కొట్టి, చాపలా చుట్టేశారు.

నా మీద పద్దెనిమిది ముఖాలు. డిజైను చేసిన కుర్రాడు అందరికీ ఒకే కోటు తొడిగాడు, అందరికీ ఒకే తెలుపు పూశాడు. ఎండలో కాలిన పిల్లలు కూడా సున్నం కొట్టిన గోడల్లా తయారయ్యారు. ముఖాల కింద 590 పైన అంకెలు. అన్నిటికన్నా పైన, మనిషెత్తు అక్షరాల్లో, ‘మళ్ళీ మాదే విజయఢంకా’.

నాలాంటివాళ్ళు పుట్టకూడదని 2022లోనే ప్రభుత్వం చెప్పింది. ర్యాంకుల పేరుతో ప్రకటనలిస్తే ఏడేళ్ళ దాకా జైలన్నారు. అందుకని నా మీద ‘ర్యాంకులు’ తీసేసి ‘మార్కులు’ అని వేశారు. కార్పొరేటు చదువుకి పుట్టిల్లు లాంటి ఊరిది. మాట మార్చడం ఇక్కడ పెద్ద పనేం కాదు.

ఆ రాత్రి నన్ను కట్టడానికి ఇద్దరొచ్చారు. అందులో ఒకాయనది మైపాడు దాపున సముద్రం ఒడ్డు పాలెం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం కదా, మరబోట్లు ఒడ్డెక్కితే మనుషులు టౌనులో కూలికెక్కుతారు. ఆయన సరుగుడు కర్రకి నన్ను బిగిస్తుంటే కింద నిలబడ్డ రెండో ఆయన అడిగాడు.

“మీవాడికి ఎంతొచ్చింది అబ్బయా?”

“లెక్కల్లో పొయ్యిందన్నా. ఇరవై రెండంట. ఫోన్లో వాట్సాప్‌లోనే చూపించాడు.”

ఇంకేం మాట్లాడలేదు. ముడి మాత్రం వల ముడి వేశాడు. ఎంత గాలొచ్చినా జారనిది.

సెంటర్లో ఎదురుబొదురుగా మేం ఆరుగురం ఫ్లెక్సీలం. నా మీదున్న మూడో వరస అబ్బాయి ఎదుటి ఫ్లెక్సీ మీద కూడా నవ్వుతున్నాడు. ఒకడే పిల్లాడు, రెండు సంస్థల బిడ్డ. ఎవరు దొంగో నేను చెప్పలేను, నా మీద ఏం వేస్తే అదే నా మాట. కానీ అక్కడ వేలాడిన పదిహేను రోజుల్లో నాలో ఒక లోపం నాకే తెలిసొచ్చింది. ఈ పద్దెనిమిది మంది ఎంతమందిలోంచి వచ్చారు? ఆ అంకె నా మీద ఎక్కడా లేదు. భిన్నంలో పైన లవం, కింద హారం ఉండాలని బళ్ళో చెప్తారు. నాకు పైదే ఉంది. బొమ్మలకి పూలహారాలు గీశారు కానీ లెక్కకి కావలసిన హారం ఎగ్గొట్టారు.

ఆ హారం పేపర్లో వచ్చింది. ఆ ఏడు రాష్ట్రంలో పది రాసినవాళ్ళు 6,14,459 మంది. పాసైనవాళ్ళు 4,98,585. నూటికి 81 మంది. మిగిలినవాళ్ళు 1,15,874 మంది. ఒక్కడూ పాసవని బళ్ళు పంతొమ్మిది. 2022లోనైతే తప్పినవాళ్ళే రెండు లక్షలు దాటారు. నా కొలతలో, పద్దెనిమిది ముఖాల చొప్పున, ఈసారి తప్పినవాళ్ళకి ఫ్లెక్సీలు కొట్టించాలంటే 6,438 కావాలి. ఊళ్ళో సరుగుడు కర్రలు చాలవు.

ఒక సాయంత్రం ఈదురుగాలికి నా ఎడం మూల చిరిగింది. దించేసి, కట్టినాయనకే ఇచ్చేశారు. ఆయన నన్ను పాలేనికి తీసుకెళ్ళి, ఒడ్డుకి లాగిపెట్టిన ఫైబరు బోటుకీ ఓ గుంజకీ మధ్య నీడగా కట్టాడు. కింద కూచుని పెద్దోడు, అదే లెక్కల్లో పోయినవాడు, వల బాగుచేస్తుండేవాడు. ముఖాలు లోపలివైపుకి వచ్చేట్టు కట్టారు కాబట్టి పద్దెనిమిది మందీ రోజంతా వాడినే చూస్తుండేవాళ్ళు. వాడు తలెత్తి చూసింది తక్కువ.

చిన్నోడి సంగతి వేరు. వాడు ఐదు అయిపోయి సెలవుల్లో ఉన్నాడు. ఇంట్లో అరవం కలిసిన పట్టపు మాట, బడి పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. ఓ మధ్యాహ్నం వాడు మంచినీళ్ళ బిందె బోర్లించి, ఎక్కి, నా మీద అక్షరాలు పట్టుకున్నాడు.

“వి... జ... య...” అని ఆగాడు. వేలు అక్కడే ఉండిపోయింది.

వల పక్కన నెత్తళ్ళు ఏరుతున్న అవ్వ తలెత్తింది. “ఏందది?”

“తెలీదవ్వా.”

“అ ఆలు చెప్పు, అట్టనే వస్తాది.”

వాడు గడగడా ఎత్తుకున్నాడు. ట అంటే టపా, డ అంటే డప్పు, ఢ అంటే ఢంకా. పాటలా వచ్చింది, ఒక్క తప్పు లేదు. పాట ఆగాక వేలు కింద అక్షరం మాత్రం అట్టాగే కొత్తగా ఉంది. నోటికొచ్చిన ఢంకాకీ కంటికి కనపడే ఢంకాకీ మధ్య ఐదేళ్ళ బడి ఉంది.

అవ్వ చేతులు చీరకి తుడుచుకుని లేచి, నా చిరిగిన మూల పట్టుకుని కిందికి లాగి, “ఢం... కా” అంది. 1991 ప్రాంతంలో జిల్లా అంతా అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు లాంతరు కింద నేర్చుకున్న చదువు ఆమెది. ఆ వాచకంలో సీతమ్మ కథ చదివే కదా దూబగుంట ఆడవాళ్ళు సారా మీదికి లేచింది. ఆ బళ్ళో ఫస్టు ఎవరని ఎవరూ అడగలేదు. ఇంకా ఎవరికి రాలేదని అడిగారు.

తర్వాత ఓ రోజు బళ్ళో సారు వచ్చాడు. మే 19 నుంచి సప్లిమెంటరీ, హాల్‌టికెట్టు తీసుకో అని పెద్దోడికి చెప్పాడు. నా నీడలో కాసేపు కూచుని, అవ్వ ఇచ్చిన టీ తాగాడు. చిన్నోడి సంగతి విని ఆశ్చర్యపడలేదు. 2024 అసర్ సర్వేలో దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో సగంమందికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోయారని చెప్పాడు. “పదిలో తప్పితే పేపర్లో వేస్తారమ్మా. ఐదులో తప్పింది ఎవురికీ కనపడదు” అన్నాడు. నాకు ఆయన మాట నచ్చింది. నా మీద వేయించాలంటే ఎవరు డబ్బులిస్తారు?

లెక్కల పరీక్ష రోజున పెద్దోడు వల అల్లే సూది పట్టుకుని నా కిందే ఉన్నాడు. వాళ్ళ నాయన ఒకసారి చూశాడు, ఏమీ అనలేదు. జూన్ 14 అర్ధరాత్రి నిషేధం అయిపోయింది. నన్ను విప్పి ఇంజను మీద కప్పారు. తెల్లారక ముందే బోటు నీళ్ళలోకి దిగింది, పెద్దోడు అందులో ఉన్నాడు.

అంతకు రెండు రోజుల ముందే, 12న, బళ్ళు తెరిచారు. చిన్నోడు ఆరో తరగతిలో కూచున్నాడు.