పీచు లేని పెట్టె

పాప్ ఆర్ట్ వచ్చి కళను సామాన్యుడి గడపలోకి తెచ్చిందని కళాపండితులు చెబుతారు. సామాన్యుడి ఇంట్లో సరుకును గ్యాలరీకి మోసుకుపోవడం వరకు నిజమే. తిరిగి తెచ్చిచ్చిన దాఖలా మాత్రం లేదు.

1964లో న్యూయార్క్ స్టేబుల్ గ్యాలరీలో పాప్ ఆర్ట్ కళాకారుడు ఆండీ వార్హోల్ బ్రిల్లో పెట్టెలు పేర్చాడు. బ్రిల్లో అంటే అంట్లు తోముకునే సబ్బు పీచు. కొట్లో పెట్టె అట్టది, లోపల పీచుంటుంది. వార్హోల్ పెట్టె చెక్కది, లోపల ఏమీ ఉండదు. ఖరీదంతా ఆ ఏమీ లేనిదానికే.

అసలు పెట్టె మీద ఆ ఎరుపు నీలం సోకులు దిద్దినవాడు జేమ్స్ హార్వీ. ఆయనా చిత్రకారుడే, పొట్టకూటికి కంపెనీలకు డిజైన్లు గీసేవాడు. రోజువారీ వస్తువుకు పట్టం కట్టామని చాటుకున్నవాళ్ళు, ఆ వస్తువుకు రూపమిచ్చినవాడికి కనీసం పీటైనా వేయలేదు.

1965లో ఈ పెట్టెలు టొరంటోకు బయల్దేరాయి. శిల్పమైతే సుంకం లేదు, సరుకైతే 20 శాతం. కెనడా నేషనల్ గ్యాలరీ డైరెక్టర్ చార్లెస్ కంఫర్ట్ ఇవి శిల్పాలు కావు పొమ్మన్నాడు. కళాలోకం ఆయన్ని చూసి నవ్వింది. ఎందుకు నవ్వాలో నాకు అర్థం కాదు. సరుకే కళ అని ఊరంతా టముకు వేసినవాళ్ళు, సరుకు పన్ను అడిగేసరికి అలగడమేమిటి?

తర్వాతి కథ ఇంకా రసవత్తరం. 1968లో స్టాక్‌హోమ్‌లోని మోడర్నా మ్యూజియంలో వార్హోల్ ప్రదర్శన. చెక్కపెట్టెలు మోయించడమెందుకని కంపెనీ అట్టపెట్టెల్నే తెప్పించి వందల్లో పేర్చారు. చూడవచ్చినవాళ్ళకు అదీ కళే అయింది. వార్హోల్ పోయిన మూడేళ్ళకు, 1990లో, 1968లో ఆ మ్యూజియం డైరెక్టర్‌గా ఉన్న పాంటస్ హుల్టెన్ మాల్మోలో వందకు పైగా చెక్కపెట్టెలు చేయించాడు. అవి 1968 నాటివిగా చెలామణి అయిపోయాయి. 2007లో గుట్టు రట్టయ్యాక ‘నకిలీ, నకిలీ’ అని గగ్గోలు! తన స్టూడియోకి ఫ్యాక్టరీ అని పేరు పెట్టుకున్న మనిషి పెట్టెలివి. 1964లోనూ చెక్క కోసింది వడ్రంగులే. నకలుకు నకలు తీస్తే పాపం ఎవరికి చుట్టుకోవాలో ఏ శాస్త్రంలో ఉందో పండితులే చెప్పాలి.

అసలైనదని ముద్రపడ్డ పసుపుపచ్చ పెట్టె ఒకటి 2010లో క్రిస్టీస్ వేలంలో 30 లక్షల డాలర్లు దాటింది. దాని మీద పెద్దక్షరాల్లో ‘3 సెంట్లు తగ్గింపు’ అని ఉంది. కొన్నవాడికి ఆ తగ్గింపు ఇచ్చారో లేదో.