నిపుణులు కావలెను

2024 జూన్‌లో చంద్రబాబు ముఖ్యమంత్రిగా సంతకం చేసిన తొలి ఐదు ఫైళ్లలో నైపుణ్య గణన ఒకటి. ఎవరికి ఏ పని వచ్చు, ఏ పరిశ్రమకు ఎలాంటి మనుషులు కావాలి అన్న లెక్క తీయడం దాని ఉద్దేశం. మంగళగిరిలో ప్రయోగాత్మకంగా మొదలైంది. ప్రభుత్వ గణన సంగతి అలా ఉంచితే, ఇదే లెక్క కోసం ట్యాబులు పట్టుకుని మిల్లులూ బట్టీలూ తిరిగే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. అలాంటి ఒకతను జమ్మలమడుగు వైపు వచ్చాడు. ఫుడ్ టెక్నాలజీ చదివినవాడు. ఆహార పరిశ్రమలో నిపుణుల కొరత మీద సర్వే అతని పని.

ఆ వైపు ఆహార పరిశ్రమ అంటే నూనె మిల్లులు, పప్పు మిల్లులు, బొరుగుల బట్టీలు. సీమలో పొద్దున్నే ఉగ్గాని తినని ఊరు ఉండదు, ఉగ్గానికి బొరుగులు లేకుంటే జరగదు. కనుక అతను ముందుగా ఒక బొరుగుల బట్టీకే వెళ్లాడు.

బొరుగులు చేతిలో తేలిగ్గా ఉంటాయి గానీ వాటి పని తేలిక కాదు. వడ్లు ఉడికించి, ఆరబెట్టి, ఆడించిన బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించాలి. సన్నసెగ మీద కదిపి, కాసేపు మాగనివ్వాలి. అప్పుడు కాలిన ఇసుకలో పోసి తిప్పితే క్షణాల్లో పొంగుతాయి. ఇసుక కాక తగ్గితే పంటికింద పలుకు తగులుతుంది. ఎక్కువైతే మాడు. ఆ కాక కొలవడానికి బట్టీలో థర్మామీటరు ఉండదు. చిటికెడు బియ్యం విసిరి, అవి పొంగే తీరు చూసి, పోయొచ్చో లేదో చెప్పే మనిషి ఉండాలి.

అతను వెళ్లినరోజు ఆ మనిషి లేనట్టుంది. జల్లెడలో సగం బొరుగులు నల్లబడి ఉన్నాయి.

"మీ దగ్గర పనిచేసేవాళ్లలో స్కిల్డ్ ఎందరు, అన్‌స్కిల్డ్ ఎందరు సార్?" అని అడిగాడు.

"అందురూ అన్‌స్కిల్డే. అట్లే రాసుకోండి," అన్నాడు యజమాని ఆలోచించకుండా.

ఆ జవాబు వెనక చిన్న లెక్క ఉంది. ప్రభుత్వం ప్రకటించే కనీస వేతనాల పట్టికలో నైపుణ్యం లేని పనివారికి ఒక రేటు, ఉన్నవారికి అంతకంటే పైరేటు. కుర్రాడికి అది తెలుసు. కానీ తను అడగాల్సిన ప్రశ్నల్లో కూలి గురించి ఒక్కటీ లేదు.

"మీకున్న పెద్ద సమస్య?"

"మనుషులు సార్. పనొచ్చిన మనిషి దొరికితే ఒట్టు. సూస్తాండారు గదా, సరుకంతా మాడిపాయ."

"సర్టిఫికెట్ ఉన్నవాళ్లు?"

"ఒక్కరూ ల్యా. సున్నా ఏసుకోండి. అట్లాంటోళ్లు వస్తే కండ్లకద్దుకోని పెట్టుకుంటాం."

"ప్రభుత్వానికి మీ సూచన?"

"ఊరూరా ట్రైనింగ్ ఇయ్యాల. సర్టిఫికెట్లు ఇయ్యాల."

అన్నీ నింపుకున్నాడు. యజమాని మర్యాదగా ఒక బొరుగుల పొట్లం చేతికిచ్చి పంపాడు.

ఇంత దూరం వచ్చి గండికోట చూడకుండా పోవడమెందుకని బండి అటు తిప్పాడు. పదిహేను కిలోమీటర్లే. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పారే పెన్న లోయ చూశాడు, జుమ్మా మసీదు చూశాడు, పక్కనే గింజ లేని ధాన్యాగారమూ చూశాడు. ఆకలేసింది. బయట ఒక పెద్దామె బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్ముతోంది. తింటూ తన పొట్లం విప్పాడు. ఆమె అందులోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుంది.

"ఇసక కాక మీరింది నాయనా. ఉప్పునీళ్లు పట్టించినాక మాగనీల్యా, తొందరపన్యారు."

అతనికి తినడం ఆగిపోయింది. పొద్దున తను కళ్లారా చూసిందే ఈమె నాలుగు గింజల్లో చెప్పేసింది. గబగబా ట్యాబ్ తీశాడు.

"పెద్దమ్మా, ఏం చదువుకున్నావు?"

"ఐదు."

"బట్టీలో పని చేసినావా?"

"పెండ్లై వచ్చినప్పట్నించి అదే పని."

తర్వాతది సర్టిఫికెట్ ప్రశ్న. అడగడమెందుకులే అని 'లేదు' మీద వేలు పెట్టబోయాడు.

"ఉండాది," అంది ఆమె.

శనగపిండి డబ్బా వెనక నుంచి ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచిన కాగితం తీసింది. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన కౌశల్ వికాస్ యోజనలో, పని ముందే వచ్చినవాళ్లకు పరీక్ష పెట్టి గుర్తింపు ఇచ్చే పద్ధతి ఒకటుంది. అలా వచ్చిన కాగితం. పేరు, ఫొటో, ముద్ర, అన్నీ ఉన్నాయి.

కుర్రాడి ముఖం వెలిగిపోయింది. సర్వేలో ఇంతవరకు దొరకని మనిషి ఎదురుగా నిలబడి బజ్జీలు వేస్తోంది మరి!

"పెద్దమ్మా, ఈ ఎండలో నీకీ బండి ఎందుకు? పొద్దున ఒక ఓనరు నీలాంటి మనిషి కోసమే వెతుకుతున్నాడు. కళ్లకద్దుకుని పెట్టుకుంటానన్నాడు. ఇప్పుడే ఫోన్ చేస్తా."

"యా బట్టీ నాయనా?"

చెప్పాడు.

ఆమె బజ్జీలు తిరగేస్తూ నవ్వింది. "నేను ఇన్నేండ్లూ జేసింది ఆడనే. ఈ కాగితం వచ్చినాక తీస్కపోయి సూపించినా. పనొచ్చినోళ్లకిచ్చే కూలి ఇయ్యమన్యా. రేప్పొద్దన్నుంచి రాబాకన్యాడు."

కుర్రాడు ట్యాబ్‌లో యజమాని జవాబులు మళ్లీ తెరిచాడు. 'సర్టిఫికెట్ ఉన్నవారు: సున్నా.' దిద్దడానికేమీ లేదు. యజమాని చెప్పింది అక్షరాలా నిజం. ఉన్న ఒక్కరినీ ఆయనే తీసేశాడు.