ఢిల్లీలో బియ్యం ఎగుమతుల ఫైలు చూసే దొరవారికి దామరచర్ల నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎగుమతుల ఫైలు చూసే దొరవారి దివ్య సముఖమునకు,

దామరచర్ల మండల వరిరైతులు చేతులు జోడించి విన్నవించుకునేదేమంటే, వాళ్లంతా ఇక్కడ క్షేమం, వడ్లు మాత్రం కావు.

2025 డిసెంబరు 8న వైట్‌హౌస్‌లో ట్రంప్, ఇండియా తమ దేశంలో చవగ్గా బియ్యం కుమ్మరించకూడదన్నాడు. తమరు ఆ వార్త చూసి పేజీ తిప్పేసి ఉంటారు. ఇక్కడ ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ దిగింది. అమెరికాకు ఓడలు బందయినయట, మిర్యాలగూడ మిల్లులు రేపట్నుంచి కొనయట, ఎంతొస్తే అంతకు అమ్ముకోవాలట. గొంతు అచ్చం పక్కింటాయనదే, యాసతో సహా. పంపిందెవరో తెలియదు. తెల్లారేసరికి కల్లం కాడ దళారి హాజరు, రేటు తగ్గించి.

దేశం ఏటా ఎగుమతి చేసే బియ్యం సుమారు 2 కోట్ల టన్నులు. అందులో అమెరికా వాటా 2 శాతం కూడా ఉండదు, ఆ కాస్తలోనూ ఎక్కువ బాస్మతి. సాగర్ ఎడమ కాలువ కింద బాస్మతి ఎవడు పండించిండు? ఈ రెండు ముక్కలు ఆ రాత్రే తెలుగులో చెప్పడానికి ఏం రోగం దొరా?

క్షమించాలి. మర్యాద తప్పింది.

ఇట్లాంటి గొంతులు ఉత్తగనే పుడతాయని తమరు అనుకోవద్దు. 2022 నాటి అమెరికా ముచ్చటే చూడండి. రేర్ ఎర్త్ ఖనిజాల మీద చైనా పట్టును తప్పించాలని అమెరికా చూస్తున్న రోజులవి. ఆస్ట్రేలియా కంపెనీ లైనస్ టెక్సస్‌లో శుద్ధి కర్మాగారం పెట్టబోతే, సోషల్ మీడియాలో కొందరు 'స్థానికులు' పుట్టుకొచ్చి కాలుష్యం, రోగాలు అంటూ గోల పెట్టారు. ఆ స్థానికుల్లో చాలామంది అసలు మనుషులే కారని, చైనాకు కొమ్ముకాసే నకిలీ ఖాతాలని 2022 జూన్‌లో మాండియంట్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. ఆ ముఠాకు డ్రాగన్‌బ్రిడ్జ్ అని పేరు. ఆ మరుసటేడు ఆగస్టులో మెటా కూడా చైనా నుంచి నడుస్తున్న 7,700 పైచిలుకు ఫేస్‌బుక్ ఖాతాలను పీకేసింది. దామరచర్ల గొంతు వెనక చైనా ఉందని ఎవరూ అనడం లేదు. దళారి బామ్మర్దే కావచ్చు. కానీ టెక్సస్ వాళ్ల కోసం ఎవరో ఒకరు వెతికారు. ఇక్కడ వెతికే నాథుడేడి?

తమరి పద్ధతి కూడా పుకార్లకు ఊతమిచ్చేదే. 2023 జులై 20న ఉన్నట్టుండి బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి నిషేధించారు. అమెరికాలో మనవాళ్లు సోనామసూరి బస్తాల కోసం దుకాణాల మీద పడ్డ వీడియోలు ఫోన్లలో తిరిగి తిరిగి ఊరికొచ్చాయి. ఆ బియ్యానికి తలుపులు పూర్తిగా తెరిచింది 2024 అక్టోబరులో. కాగితాలేమో హిందీలో, ఇంగ్లిషులో. పుకారు మాత్రం తేటతెలుగులో వస్తుంది! 2025 వానాకాలంలో యూరియాకూ అంతే. చెప్పులు లైన్లో పెట్టి జనం నిలబడితే, రేపొస్తది ఎల్లుండొస్తది అని చెప్పిందీ వాట్సాపే. అంతకు ముందు 2017లో ప్లాస్టిక్ బియ్యమన్నారు. వండిన అన్నాన్ని బంతి చేసి నేలకేసి కొట్టారు.

దొరా, కోపంతో రాసిందంతా కొట్టేయండి. సన్నవడ్లు ఇంకా కల్లంలోనే ఉన్నాయి, మంచు పడుతోంది, తేమ ఎక్కువైతే మిల్లువాడు దగ్గరికి రానివ్వడు. ఏ దేశం సుంకం పెంచినా ఆ రోజే నాలుగు వాక్యాలు తెలుగులో రాసి మిర్యాలగూడ మార్కెట్ యార్డు గోడకు అంటించండి. ఆ వాయిస్ మెసేజ్ ఎక్కడ పుట్టిందో ఒకసారి ఆరా తీయించండి. దాన్ని ఎవరూ చెరిపెయ్యలేదు, ఫోన్లలో భద్రంగా ఉంది. ఏ నంబరుకు పంపాలో చెబితే పంపిస్తారు.

చిత్తగించవలెను.