రెండో ఏట దిగినవాడు

లేటరల్ ఎంట్రీ విద్యార్థి అంటే పదో తరగతి కాగానే పాలీసెట్ రాసి, మూడేళ్లు డిప్లొమా చదివి, ఈసెట్ ర్యాంకుతో ఇంజినీరింగ్ కాలేజీలో నేరుగా రెండో సంవత్సరంలో వచ్చి కూర్చునేవాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంజినీరింగ్ కాలేజీ ఉన్న ప్రతిచోటా కనిపిస్తాడు. ఆఫీసు రికార్డుల్లో ఇతను ‘ఎల్‌ఈ’, తరగతిలో ‘డిప్లొమావాడు’, ఇంట్లో ‘ఏడాది కలిసొచ్చిన పిల్లాడు’. ఆడపిల్లలూ ఈ దారిన వస్తారు. లక్షణాలన్నీ అవే, ల్యాబ్ రికార్డులు మాత్రం వేళకు పూర్తి చేస్తారు.

ఇతని చరిత్ర పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రం మొదలవుతుంది. ఆ సాయంత్రం ఇంటికి ఒక చుట్టం వస్తాడు. “ఇంటర్లో వేస్తే పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా రుద్దుడే బావగారూ! పైగా లక్షలు. పాలిటెక్నిక్‌లో పడేయండి. మూడేళ్లకి చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది, ఎవడి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు” అని కాఫీ తాగి వెళ్లిపోతాడు. ఆ చుట్టం తన కొడుకుని మాత్రం ఇంటర్లోనే చేర్పిస్తాడు. పిల్లవాడు మాసబ్ ట్యాంకులోనో, కంచరపాలెంలోనో, కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్‌లోనో తేలి, పదహారేళ్లు నిండీ నిండకముందే ఫైలు పట్టుకుని ఇనుప ముక్కని చతురస్రంగా అరగదీయడం మొదలుపెడతాడు. ఇంటర్ మిత్రులు ఆ సమయానికి ఆర్గానిక్ కెమిస్ట్రీని అదే పద్ధతిలో అరగదీస్తుంటారు.

ఈ విద్యార్థి గురించి లోకంలో మూడు నమ్మకాలున్నాయి. ఇతనికి ఏడాది మిగిలిందని తల్లి నమ్మకం. తమకంటే ఏడాది పెద్దవాడని తోటి విద్యార్థుల నమ్మకం. మొదటి సంవత్సరం మ్యాథ్స్ ఎగ్గొట్టి దొడ్డిదారిన వచ్చాడని లెక్చరర్ల నమ్మకం. లెక్క చూస్తే మొదటి రెండూ నిలబడవు. పది తర్వాత ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపి ఆరు. డిప్లొమా మూడేళ్లు, రెండో ఏట నుంచి బీటెక్ మూడేళ్లు, అదీ ఆరే. 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ ట్రిపుల్ ఐటీల్లో పది కాగానే చేరినా కోర్సు ఆరేళ్లే. మూడున్నరేళ్ల డిప్లొమా చేసినవాళ్లనీ, మధ్యలో ఒక సంవత్సరం ‘గ్యాప్’ అనే విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లనీ మినహాయిస్తే, తరగతిలో అందరి వయసూ ఒకటే. అయినా చేరిన మొదటి వారంలోనే పక్క బెంచివాడు ఇతణ్ని ‘అన్నా’ అనేస్తాడు. ఇతను కూడా, ఆ గౌరవం ఎందుకొచ్చిందో విచారించకుండా, స్వీకరిస్తాడు.

వచ్చే దారి ఈసెట్. 180 నిమిషాలు, 200 ప్రశ్నలు: మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, సొంత బ్రాంచి సబ్జెక్టులు 100. ఒక్కో ప్రశ్నకు 54 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియనిదాన్ని వదిలేయడం ఇక్కడ పాపం. కోచింగ్ సెంటర్లో ఇతనికి అబ్బేది జవాబు కనుక్కునే విద్య కాదు, జవాబు కానివాటిని కొట్టేసే విద్య. నాలుగింట్లో రెండు చూడగానే తీసేస్తాడు, మిగిలిన రెండింటి మధ్య ఇష్టదైవం సాయపడుతుంది. ఈ విద్య తర్వాత చాలా ఇబ్బంది పెడుతుంది. బీటెక్ మొదటి మిడ్ పరీక్షలో ‘సిద్ధాంతాన్ని వివరించి నిరూపించుము’ అన్న ప్రశ్న చూసి, కింద ఏ, బీ, సీ, డీల కోసం వెతుకుతాడు.

ర్యాంకు వచ్చాక సీటు. మంజూరైన సీట్లలో పదో వంతు వీళ్లకి అదనంగా ఇస్తారు. మొదటి సంవత్సరంలో మిగిలిపోయిన ఖాళీలుంటే అవీ వీళ్లవే. అంటే అరవై మంది సెక్షన్‌కి కనీసం ఆరుగురు. కౌన్సెలింగ్, ఆప్షన్లు, అలాట్‌మెంటు, ఫీజు రసీదు పూర్తయ్యేసరికి అక్కడ టూ-వన్, అంటే రెండో సంవత్సరం మొదటి సెమిస్టరు, ఒకటో యూనిట్ దాటిపోయి ఉంటుంది. తరగతిలోకి అడుగుపెట్టినప్పుడు ఖాళీగా ఉండేది ముందు బెంచి ఒక్కటే. ఏడాది అనుభవం ఉన్నవాళ్లు అక్కడ కూర్చోరు. ఆరుగురూ అక్కడే సర్దుకుంటారు. బుద్ధిమంతుల బ్యాచ్ వచ్చిందని లెక్చరర్ సంతోషిస్తాడు. వెనక ఖాళీ చూసుకుని ఒక్కొక్కరే జారుకోవడానికి నెల పడుతుంది, ఆయన అభిప్రాయం మారడానికీ అంతే.

జేఎన్‌టీయూ కాలేజీల్లో ఇతణ్ని గుర్తుపట్టడానికి ముఖం చూడనక్కర్లేదు, హాల్‌టికెట్ నంబరు చాలు. పది స్థానాల ఆ నంబరులో మొదటి రెండూ చేరిన సంవత్సరం, తర్వాతి రెండూ కాలేజీ కోడ్. ఆపైన మామూలు విద్యార్థికి ‘1ఏ’, లేటరల్‌కి ‘5ఏ’. తర్వాత బ్రాంచి: సివిల్ 01, ఈసీఈ 04, సీఎస్‌ఈ 05. చివర వరస సంఖ్య. ఇందులో చిక్కు రెండు చోట్ల వస్తుంది. మొదటిది సంవత్సరం. తరగతి మిత్రులది 21తో మొదలైతే, ఏడాది తర్వాత చేరాడు కాబట్టి ఇతనిది 22. ఆ ఏడు మొదటి సంవత్సరంలో చేరిన పిల్లలదీ 22. లైబ్రరీ కౌంటరులో కార్డు చూపిస్తే, “ఫస్టియర్ బుక్సు పక్క ర్యాకులో” అంటారు.

రెండో చిక్కు చివరి రెండు అంకెలు. హాజరు వాటితోనే పిలుస్తారు. “జీరో వన్” అనగానే రెండు గొంతులు “ప్రెజెంట్ సార్” అంటాయి. లెక్చరర్ తలెత్తుతాడు. “ఎవరదీ ప్రాక్సీ?” ముందు బెంచిలోంచి ఒకడు నిలబడతాడు. “సార్, నేను కూడా జీరో వన్నే. లేటరల్.” “అయితే చివర్లో పిలుస్తా, కూర్చో.” అరవై దాకా పిలిచి ఆయన రిజిస్టరు మూసేస్తాడు. అప్పుడు ఆరుగురూ కలిసి “సార్, లేటరల్స్!” అని అరుస్తారు. ఈ అరుపు మూడేళ్లపాటు రోజుకి ఆరేడుసార్లు వినిపిస్తుంది. సెమిస్టరు చివర 75 శాతం హాజరు పట్టిక అంటించిన రోజున, అది అరవనివాడెవడో తెలుస్తుంది.

సీనియారిటీ విషయంలో ఇతని హోదా ఎవరికీ అర్థం కాదు. మూడో సంవత్సరంవాళ్లు కొత్త ముఖం చూసి ‘ఇంట్రో’ అడుగుతారు. ఉమ్మడి రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది కాబట్టి గొంతు తగ్గించి అడుగుతారు. సెకండియర్ అని చెబితే నమ్మరు. క్యాంటీన్ ఎక్కడో తెలియని సెకండియర్ ఉంటాడా? ఇటు మొదటి సంవత్సరం కుర్రాడు ఎదురుపడి “గుడ్ మార్నింగ్ అన్నా” అంటాడు. ఇతను హుందాగా తలూపి, “తమ్ముడూ, మెకానికల్ బ్లాక్ ఎటు?” అని అడుగుతాడు. దారి చెప్పి వెళ్తూ ఆ తమ్ముడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తాడు.

ఇతని భాషలో ప్రతి వాక్యమూ ‘మా డిప్లొమాలో’ అని మొదలవుతుంది. మా డిప్లొమాలో రోల్ నంబరు ఉండదు, పిన్ నంబరు. మా డిప్లొమాలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఆరు నెలలు. మా డిప్లొమాలో కంప్యూటర్స్ బ్రాంచిని సీఎం అంటారు. ఈ వాక్యాలు టూ-టూ నాటికి తగ్గుముఖం పడతాయి. త్రీ-వన్‌లో అదే నోటితో ‘మన జేఎన్‌టీయూలో’ అనడం వినిపిస్తుంది.

ఇతని ప్రతాపం తెలిసేది ల్యాబులో. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో సీఆర్ఓ (ఆసిలోస్కోప్) ముందు ముగ్గురు రెగ్యులర్ విద్యార్థులు నిలబడి ఉంటారు. తెర మీద అడ్డంగా ఒక పచ్చ గీత తప్ప ఏమీ రాదు. ఒకడు బ్రైట్‌నెస్ పెంచుతాడు, ఇంకొకడు ప్రోబ్ ఊడదీసి మళ్లీ పెడతాడు, మూడోవాడు “మిషన్ పాడైంది సార్” అని చేయి ఎత్తుతాడు. ఇతను వచ్చి గ్రౌండ్‌లో ఉన్న స్విచ్చిని ఏసీకి తోస్తాడు, టైమ్ బేస్ రెండు గాట్లు తిప్పుతాడు. సైన్ వేవ్ వచ్చి నిలుస్తుంది. ఆ క్షణం నుంచి ల్యాబు బ్యాచుల్లో ఇతని కోసం పోటీ. మెకానికల్‌లో లేత్ మీదా, సివిల్‌లో థియోడలైట్ దగ్గరా ఇదే జరుగుతుంది. డ్రాయింగ్ అయితే చెప్పనక్కర్లేదు. సబ్మిషన్ ముందురోజు రాత్రి ఇతని హాస్టల్ గది బయట చెప్పులు పెట్టడానికి చోటుండదు.

కీర్తి అక్కడితో ఆగుతుంది. వైవాలో ఎక్స్‌టర్నల్, “ఇప్పుడు డయోడ్ కరెంట్ ఈక్వేషన్ డిరైవ్ చెయ్యి” అంటాడు. చేతులు అన్నీ చేస్తాయి, ఆ ఒక్కటీ చేయవు. ఆ సైన్ వేవ్‌ను జన్మలో తెప్పించలేని పక్కవాడు గడగడా ఒప్పజెప్పి ఎక్కువ మార్కులు పట్టుకుపోతాడు. మ్యాథ్స్‌లో మరీ కష్టం. లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ పట్టిక డిప్లొమాలోనే కంఠతా వచ్చు. అది ఎందుకు పనిచేస్తుందో అడిగితే అవమానించినట్టు చూస్తాడు. కాంప్లెక్స్ వేరియబుల్స్ దగ్గర చూపు కిటికీ వైపు మళ్లుతుంది. కొన్ని కాలేజీలు వీళ్లకోసం సాయంత్రం బ్రిడ్జి క్లాసులు పెడతాయి. అవి ముగిసేసరికి ఊరి బస్సు వెళ్లిపోతుంది కాబట్టి, బ్రిడ్జి ఎక్కినవాళ్లు తక్కువ.

ఈ తెగలో నాలుగు ఉపజాతులున్నాయి. మొదటిది ర్యాంకరు: ఈసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలో సీటు కొట్టినవాడు. ఇతను నాలుగు నెలల్లో రెగ్యులర్లలో కలిసిపోయి, తన మూలాలు ఎవరైనా గుర్తుచేస్తే నొచ్చుకుంటాడు. రెండోది పనిచేసి వచ్చినవాడు: పటాన్‌చెరులోనో శ్రీసిటీలోనో ఏడాది రెండేళ్లు షిఫ్టులు చేసి, సూపర్‌వైజరుకి డిగ్రీ ఉండి తనకు లేదని గ్రహించి తిరిగొచ్చినవాడు. క్యాంటీన్ బిల్లు తీసేది ఇతనే. లెక్చరర్ ‘ఇండస్ట్రీలో ఇలా చేస్తారు’ అన్నప్పుడల్లా ఇతను మెల్లగా నవ్వుతాడు. మూడోది ఇంటివాళ్లు పంపగా వచ్చినవాడు. తెలంగాణ ప్రభుత్వంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఉద్యోగానికి డిప్లొమా చాలు, ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్)కి ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. ఆ రెండో ‘ఈ’ కోసం తండ్రి ఇంకో మూడేళ్లు ఫీజు కడుతుంటాడు.

నాలుగోది అరుదు, కాని దాటవేయరానిది: బీఎస్సీ మ్యాథ్స్ చదివి వచ్చినవాడు. ఈసెట్ డిగ్రీ మ్యాథ్స్ వాళ్లకీ తలుపు తెరుస్తుంది. వాళ్ల పేపరు వేరు. ఇతనికి కాంప్లెక్స్ వేరియబుల్స్ కరతలామలకం, స్క్రూడ్రైవరు మాత్రం పరాయి వస్తువు. నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్ డ్రాయింగ్, ఇంజినీరింగ్ మెకానిక్స్ మొదటి సంవత్సరం పేపర్లు కూడా పాసవ్వాలి. అందుకని ఇరవయ్యొక్క ఏళ్ల పట్టభద్రుడు డ్రాఫ్టరు చంకన పెట్టుకుని ఫస్టియర్ పిల్లల మధ్య కూర్చుని, వృత్తానికి స్పర్శరేఖ గీయడానికి అవస్థపడతాడు. ఆ స్పర్శరేఖ సమీకరణం మాత్రం నిద్రలో లేపినా చెబుతాడు. డిప్లొమావాళ్లూ ఇతనూ ఒకరి లోటు ఒకరు పూడ్చుకుంటారు. లేటరల్స్‌లో గట్టి స్నేహాలు పుట్టేది ఇక్కడే.

మూడో సంవత్సరానికి తేడాలు కరిగిపోతాయి. లెక్కల్లో వెనకబడినవాడు సప్లీలో గట్టెక్కుతాడు, వర్క్‌షాప్ తెలియని రెగ్యులర్ ఇతని పక్కన నిలబడి నేర్చుకుంటాడు, మినీ ప్రాజెక్టు దగ్గర ఇద్దరూ కలిసి బయట కొనుక్కొస్తారు. ఇక ఎవరికీ ఏ తేడా గుర్తులేదనుకునే వేళకి ప్లేస్‌మెంట్ ఫారం వస్తుంది. అందులో ఇంటర్ శాతం అని గడి ఉంటుంది, డిప్లొమా అని ఉండదు. ఉంటే, 1-1, 1-2 మార్కులు నింపనిదే పేజీ కదలదు. ఇతను చదవని రెండు సెమిస్టర్లవి. సున్నా కొడితే, మొదటి సంవత్సరమంతా తప్పినవాడని యంత్రం అనర్హుణ్ని చేస్తుంది. ప్లేస్‌మెంట్ సారు చెప్పే మందు ఏటా మారుతుంది: ఒక ఏడు ‘డిప్లొమా పర్సంటేజీ కొట్టు’, మరో ఏడు ‘ఖాళీ గడిలో చుక్క పెట్టి చూడు’. ఇంటర్వ్యూ దాకా వెళ్లినవాణ్ని, “ఫస్టియర్ ఎక్కడ చదివావు?” అని అడుగుతారు. మూడేళ్లుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పిచెప్పి ఇతని ఇంగ్లిషు బాగుపడి ఉంటుంది. ఉద్యోగం ఒక్కోసారి దానివల్లే వస్తుంది.

చదువు పూర్తయ్యాక ఈ రకం మనిషిని వేరుగా గుర్తుపట్టడం కష్టం. ఒకే ఒక పరీక్ష ఉంది. పదో తరగతి పాసైన మేనల్లుడు సలహాకి వచ్చినప్పుడు లేటరల్‌గా వచ్చినవాడు నిట్టూర్చి, “హాయిగా ఇంటర్లో చేరు, మ్యాథ్స్ గట్టిపడుతుంది” అంటాడు. ఇంటర్ మీదుగా వచ్చినవాడు అంతకంటే పెద్దగా నిట్టూర్చి, “డిప్లొమాలో చేరిపోరా, కాస్త పని వస్తుంది” అంటాడు. ఇద్దరి మాటా విన్న మేనల్లుడు తన స్నేహితుడు ఎందులో చేరాడో కనుక్కుని అందులో చేరతాడు.